డోలి వెనుక నడిచిన చదువు

రాతకవి గురించి రాసేటప్పుడు మన విమర్శకులు మొదట అడిగే ప్రశ్న ఒకటుంది. ఈ కవి ఎక్కడ పెరిగాడు, ఎవరి దగ్గర నేర్చాడు, ఏ వాతావరణం ఇతన్ని తీర్చింది? విజయనగరం ప్రస్తావన లేకుండా గురజాడ మీద, విశాఖపట్నం ప్రస్తావన లేకుండా శ్రీశ్రీ మీద, నిజాం జైలు ప్రస్తావన లేకుండా దాశరథి మీద వ్యాసం ముందుకు కదలదు. మౌఖిక గాయకుడి దగ్గరికి వచ్చేసరికి ఈ ప్రశ్న మాయమవుతుంది. అడవిబిడ్డ, పాట అతని రక్తంలోనే ఉంది అని ఒక మాట రాసి తప్పుకుంటాం. పొగడ్తలా వినిపించే ఈ మాటలో ఒక నిరాకరణ ఉంది. విద్యను రక్తం అన్న మరుక్షణం దాని వెనుక ఉన్న గురువు, సాధన, శ్రమ లెక్కలోకి రాకుండా పోతాయి.

సకిని రామచంద్రయ్య విషయంలో జరిగింది ఇదే. ఆయనది పాత ఖమ్మం జిల్లాలో, ఇప్పటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, మణుగూరు మండలం కూనవరం. కోయల్లో డోలి శాఖకు చెందినవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకూ ఆ ఏడాదే వచ్చింది. 2024 జూన్ 23న రామచంద్రయ్య కన్నుమూశారు. చదువురాని కళాకారుడని పత్రికలు ఆయన్ను పరిచయం చేశాయి. సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు, గరికామరాజు, నాగులమ్మ కథలను కోయభాషలోనూ తెలుగులోనూ పాడగలిగిన మనిషికి చదువు రాదట! చదువు అనే మాటకు మనం ఇచ్చుకున్న అర్థం ఎంత ఇరుకైనదో ఇక్కడే తెలుస్తుంది.

డోలి ఇంట పెరిగే పిల్లవాడి చదువు ఏమిటో విడదీసి చూడవలసి ఉంటుంది. మొదటిది వాద్యం. కొలుపుకు ఏ దెబ్బ, చావుకు ఏ దెబ్బ అన్నది చేతికి తెలియాలి. రెండవది వంశచరిత్ర. కోయ సమాజం గట్లుగా, గట్టు కింద ఇంటిపేర్లుగా ఏర్పడి ఉంది. ఏ ఇంటిపేరు ఏ గట్టులోది, వారి వేల్పు ఎవరు, ఎక్కడినుంచి వచ్చారు అన్నవి డోలి నోట ఉండాలి. మూడవది పడిగె. వేల్పుల బొమ్మలున్న ఆ త్రికోణపు గుడ్డను చదవడం రావాలి. అక్షరాలు లేని ఆ గ్రంథానికి వ్యాఖ్యాత డోలియే. నాలుగవది రెండు భాషల మధ్య రాకపోకలు. ఈ నాలుగూ వేర్వేరు పాఠాలుగా రావు. పెద్దవాళ్ళ వెంట ఊళ్ళు తిరుగుతూ, రాత్రిళ్ళు మేలుకుంటూ, వంతపాడుతూ ఒక్కసారిగా వస్తాయి. ఇది పుట్టుకతో వచ్చే గుణం కాదు, దీర్ఘకాలపు శిక్షణ.

ఈ శిక్షణను గుర్తించకపోవడం వల్ల విమర్శకు కలిగే నష్టం చిన్నది కాదు. సమ్మక్క కథనే తీసుకోండి. కాకతీయులకు కప్పం కట్టం అన్న తిరుగుబాటును మన అభ్యుదయ సాహిత్యం సంతోషంగా స్వీకరించింది. స్వీకరించవలసిందే. కానీ జనంలో ఎక్కువగా వ్యాపించిన కథలో సమ్మక్క పులుల మధ్య దొరికిన పసిబిడ్డ. డోలి కథనంలో ఆమె ఒక వంశంలో పుట్టిన ఆడబిడ్డ. మొదటిది ఆమెను అద్భుతం చేస్తుంది. రెండవది ఆమెకు తల్లినీ తండ్రినీ నేలనూ ఇస్తుంది. వంశాలను గుర్తుంచుకోవడమే వృత్తిగా పెరిగినవాడి నోట కథ ఇలాగే ఉంటుంది. గాయకుడి పెంపకం తెలియని విమర్శకుడు ఈ రెంటినీ పాఠాంతరాలు అని పక్కపక్కన పెట్టి ఊరుకుంటాడు. వస్తువును తీసుకుని దాన్ని మోసిన రూపాన్నీ మనిషినీ వదిలేయడం అంటే ఇదే. కోయ డోలీల కథలను, పడిగెలను వెలుగులోకి తేవడానికి జయధీర్ తిరుమలరావు వంటివారు చేసిన కృషి ఉంది. దాన్ని అందుకోవలసిన విమర్శ ఇంకా వెనకబడే ఉంది.

ఈ విషయంలో పశ్చిమ ఆఫ్రికా మనకు పాఠం చెప్పగలదు. అక్కడి మాండే జాతుల్లో జెలీలనే వంశపారంపర్య గాయకులున్నారు. 13వ శతాబ్దంలో మాలి రాజ్యాన్ని స్థాపించిన సుంజాటా కథను నిలబెట్టింది వారే. 1960లో గినీ చరిత్రకారుడు జిబ్రిల్ తంసిర్ నియాన్ ఆ కథను ఫ్రెంచిలో ప్రచురిస్తూ, ఇది మామదూ కుయాతే అనే జెలి చెప్పిన కథ అని ముందే స్పష్టంగా రాశాడు. జెలి అక్కడ సమాచారదాత కాదు, కర్త. మన సంకలనాల్లో ఎన్నిటిలో గాయకుడికి ఈ స్థానం దక్కింది?

ఇక్కడ అభ్యుదయవాదికి ఒక న్యాయమైన సందేహం వస్తుంది. పుట్టుకతో వృత్తిని కట్టబెట్టే పద్ధతి భూస్వామ్య అవశేషం కాదా? డోలి ఇంట పుట్టినవాడు డోలియే మోయాలా? మోయనక్కరలేదు. దానంగా వచ్చే గింజల మీద బతికే వృత్తిలో బిడ్డను ఉంచమని చెప్పే హక్కు కడుపునిండిన మనకు లేదు. అయితే వృత్తి కట్టును తెంచడం వేరు, విద్యను చావనివ్వడం వేరు. 21 తంత్రుల కోరా వాద్యంలో మహావిద్వాంసుడు తుమానీ జబాతే 1965లో బమాకోలో ఒక జెలి ఇంట పుట్టాడు. తండ్రి సిదికీ కూడా పేరుపొందిన కోరా వాదకుడే. ఇంట్లో వింటూ నేర్చుకున్న ఆ విద్యను తుమానీ బమాకోలోని కళాశాలలో విద్యార్థులకు బోధించాడు. ఆ కళాశాలకు పెట్టిన పేరు సుంజాటా ఆస్థాన జెలి బల్లా ఫాసెకే కుయాతేది. తుమానీ 2024 జూలైలో మరణించాడు, రామచంద్రయ్య పోయిన నెలలోపే. ఒకరి విద్యకు ఇంటి బయట కూడా ఒక గది ఉంది. రెండవవారి విద్యకు ఉన్నది పద్మశ్రీ, 2022లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన కోటి రూపాయలు, ఇంటిస్థలం. ఇవన్నీ వ్యక్తికి చేసే గౌరవాలు. పరంపర వీటివల్ల నిలవదు.

పైగా డోలి జ్ఞాపకానికి ఆధారం ఊళ్ళు. 2014లో పోలవరం ముంపు పేరుతో పాత ఖమ్మం జిల్లాలోని 7 మండలాలను, కొన్ని ఊళ్ళు మినహాయించి, ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. గోదావరికి ఇరువైపులా ఉన్న గట్లూ ఇంటిపేర్లూ రెండు రాష్ట్రాల పాలయ్యాయి. ఊరు మునిగితే ఇళ్ళకు పరిహారం లెక్కగట్టే అధికారి ఉంటాడు. ఆ ఊరి వేల్పు కథ ఎవరింట పాడాలో లెక్కగట్టేవాడు ఉండడు.

కనుక విమర్శకుడి పని సంతాపంతో ముగియదు. మౌఖిక కథను ప్రస్తావించే ప్రతి వ్యాసంలో గాయకుడి పేరు, అతని గురువు, అతని భాష, వాద్యం ఉండాలి. తెలుగు ఎం.ఏ. పాఠ్యప్రణాళికలో డోలి కథను పాఠంగానే కాక విద్యగా కూడా చేర్చాలి. గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో డోలి పెద్దలకు జీతమిచ్చి ఉపాధ్యాయుల స్థానం ఇవ్వాలని మన సంఘాలు అడగాలి. బడికి పోయిన కోయపిల్లవాడు డోలిని వదలవలసిన అవసరం గానీ, డోలి పట్టినవాడు బడిని వదలవలసిన అవసరం గానీ లేని పరిస్థితి రావాలి. ప్రజాకళలు ప్రజలవే అని మనం సభల్లో అంటున్న మాటకు అప్పుడే విలువ.