సర్వనామాల సాక్ష్యం

అనువాదకుడు మూలరచయిత మనస్సును చూపే అద్దం వంటివాడని పెద్దలు అంటారు. అద్దాన్ని పట్టుకొన్నవాని వేలిగుర్తులు కూడ దానిమీద పడుతవన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. చాల ఏండ్లుగా హిందీనుండి తెలుగులోనికి కథలు తెస్తూ వచ్చిన నాకు ఇది యాభై దాటిన తరువాత, ఒక చిన్న గదిలో, నలుగురి నడుమ తెలిసివచ్చినది.

పుదుచ్చేరిలో మేము ఎనిమిదిమందిమి నెలకు రెండు శనివారాలు ఒక మిత్రుని యింట కూడుతాము. యానాంలో పుట్టి ఇక్కడ పంతులమ్మగా పనిచేసి విరమించినవారొకరు. 1881 నాటి ఫ్రెంచి శాసనం ప్రకారం తమ పూర్వులు సొంత ఆచారధర్మాన్ని త్యజించి, ఫ్రెంచి యింటిపేరు స్వీకరించిన కుటుంబంవారు మరొకరు. ఆ విధంగా పేరు మార్చుకొన్నవారిలో అణగద్రొక్కబడిన కులాలవారు పలువురు ఉండినారు. పాతపేరుతోపాటు కులం కూడ వదలిపోతుందని వారి ఆశ. మిగిలినవారు తమిళ మిత్రులు. ఒక కథను తీసుకొని వాక్యం వెంట వాక్యం చదువుతాము. నియమం ఒక్కటే: "సమాజం" అనకూడదు, "నేను" అనవలె. వినడానికి సులభంగా ఉన్నది గాని, మొదటి మూడు నెలలు మాలో ఎవ్వరికీ అది చేతకాలేదు.

ఈ ఊరే అటువంటి చర్చకు తగిన చోటు. కాలువకు సముద్రంవైపు తెల్లవారి పట్నం, పడమట నల్లవారి పట్నం అని ఫ్రెంచివారు విడదీసినారు. వర్ణభేదం వీథుల పటంమీదనే గీయబడియున్నది. అయితే నల్లవారి వైపు గోడలు లేవా? ఆనందరంగపిళ్లె దినచర్యలో 1745 నాటి ఒక ఉదంతమున్నది. ఇక్కడి సెయింటు పాల్ దేవాలయం లోపల పరయ క్రైస్తవులను తక్కినవారినుండి వేరుచేస్తూ ఒక గోడ ఉండేది; వారు మొరపెట్టుకోగా దానిని తొలగించినారు; ఇతర కులాల క్రైస్తవులు అలజడి చేసినారు. ఈ పిళ్లెవారి పేరనే మన కస్తూరి రంగకవి ఆనందరంగరాట్ఛందమనే లక్షణగ్రంథం రచించినాడు గనుక తెలుగువారికి ఆయన పరాయివాడు కాడు. దొరల ఎదుట తన మర్యాదకు ఏ చిన్న లోపం వచ్చినా గుర్తుపెట్టుకొనే ఆయన, తన కంటె క్రిందివారిని గురించి వ్రాసేటప్పుడు ఆ నొప్పిని గుర్తుచేసుకోడు. ఈ మాట నేను మా గదిలో ఎంతో ధీమాగా అన్నాను. నా వంతు తరువాత వచ్చినది.

ముందు ఒక పదం చిక్కు చెప్పవలె. హిందీలో "జాతి" అంటే కులం. తెలుగులో "కులం" అన్నది హిందీలో వంశమవుతుంది. హిందీవారి "జాతివాద్" కులతత్త్వం. దానినే అక్షరాలా దింపుకొంటే తెలుగు పాఠకునికి "జాతీయ" అన్న గౌరవప్రదమైన మాటకు చుట్టమై కనబడుతుంది. చర్మపు రంగునుబట్టి మనుష్యుని కొలవడానికి వారు "నస్ల్" అన్న వేరు పదం ఉంచుకొన్నారు. మనము దానికీ "జాతి" అనే వాడుతున్నాము. ఇది నిఘంటువుల తగాదా మాత్రమే కాదు. 1965లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన జాతివివక్షా నిర్మూలన ఒడంబడికలో "వంశం" అన్న మాట ఉన్నది. అందులో కులం ఇముడుతుందా అన్న వాదం 2001లో దర్బన్ మహాసభవరకు పోయినది. ఇమడదని మన ప్రభుత్వం వాదించినది.

ఇక నా సంగతి. ప్రేంచందు 1932లో ప్రకటించిన "ఠాకుర్ కా కువాఁ" కథకు నా తెలుగును ఆ శనివారం చదివినాను. జబ్బుతో ఉన్న జోఖూకు మంచినీళ్లకోసం గంగి రాత్రివేళ ఠాకూరు బావికి పోతుంది. తలుపు తెరుచుకొన్న చప్పుడుకు పరుగెత్తి వస్తుంది. ఇంటివద్ద జోఖూ ఆ కంపునీళ్లే తాగుతుంటాడు. రెండు పుటలు చదివేసరికి యానాం పంతులమ్మగారు ఆపినారు.

"గంగిని మీరు 'అది' అన్నారు. బావివద్దకు వచ్చిన తక్కిన ఆడవాళ్లను 'ఆమె' అన్నారు. ఈ తేడా ప్రేంచందుదా, మీదా?"

హిందీలో "వహ్" ఒక్కటే. ఆడ, మగ, మాను, మాకు అన్నిటికీ అదే. తెలుగులో వాడు, అతడు, ఆయన. అది, ఆమె, ఆవిడ అని మెట్లున్నవి. పైగా మన వ్యాకరణంలో ఏకవచనాన స్త్రీకీ పశువుకూ క్రియ ఒక్కటే: ఆవు వచ్చినది, ఆమె వచ్చినది. అందుచేత మర్యాద బరువంతా సర్వనామంమీదనే పడుతుంది. ఆ మెట్టును మూలం ఎన్నలేదు, నేను ఎన్నినాను. జోఖూను "వాడు" అన్నాను. పల్లె వాతావరణంకోసమని సమర్థించుకొన్నాను. ఆమె శాంతంగానే అన్నారు: "పాత్రలు మాట్లాడేచోట అది సరే. కథకుడు మాట్లాడేచోట పల్లె ఎవరిది?"

నాకు జవాబు దొరకలేదు. చిన్నప్పుడు మా పెరటివైపు వచ్చే స్త్రీలను, మా అమ్మకంటె పెద్దవారిని సైతం, నేను ఏ మాటతో పిలిచేవాడినో అప్పుడు జ్ఞాపకం వచ్చినది. ఎవరూ నాకు అది నేర్పలేదు. ఊపిరివలె వచ్చినది.

తరువాతి కూటమికి అంతటా "ఆమె" అని దిద్ది తెచ్చినాను. ఇంకొకరు ఒప్పుకోలేదు, గంగికి ఊరు ఇవ్వని మర్యాదను నేను ఇచ్చి ఊరిని మంచిది చేస్తున్నానని వారి ఆక్షేపణ. అప్పుడు మూలాన్ని మళ్లీ చూచినాము. ఠాకూరు బయటికి వచ్చే ఆ ఒక్క వాక్యంలో ప్రేంచందు అతనికి గౌరవ బహువచన క్రియ వాడినాడు. అది గంగి గుండెలోని భయమా, రచయిత కలానికి పట్టిన అలవాటా? రెండు గంటలు వాదించినాము. భయమనే నా పక్షం, కాని ఇప్పటికీ పూర్తిగా నమ్మలేకున్నాను.

రంగు విషయంలో నా తప్పు ఇంకా చిన్నది, అందుచేత ఇంకా లోతైనది. ఒక హిందీ నవలలో "సావ్‌లీ" అన్న ఒక్క విశేషణాన్ని పూర్వం నేను "చామనచాయ అయినా చక్కనిది" అని అనువదించియున్నాను. ఆ "అయినా" మూలంలో లేదు. పెండ్లిచూపుల మాట నా కలంలోనికి దూరినది.

చిన్న కూటములను ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. పక్షపాతాన్ని ఒప్పుకోవడంలో ఒక తియ్యదనమున్నది. ఒప్పుకొన్నవాడు ఆ సాయంకాలమే తేలికపడి ఇంటికి పోతాడు. 1954లో ఆల్‌పోర్టు అనే అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు, భిన్నవర్గాలవారు కలిసినంత మాత్రాన దురభిమానం తరగదనీ, సమానస్థాయి, ఉమ్మడి ప్రయోజనం, సహకారం, పెద్దల ఆమోదం ఉండవలెననీ వ్రాసినాడు. సమానస్థాయి ఎక్కడిది? 1936లో లాహోరులోని జాత్ పాత్ తోడక్ మండలమువారు అంబేద్కరును అధ్యక్షునిగా ఆహ్వానించి, ప్రసంగపాఠం చూచి సభనే మానుకొన్నారు. కులాన్ని పోగొట్టదలచినవారి కూటమే అది! ఆయన దానిని సొంతంగా అచ్చువేసుకొన్నాడు.

మా గదిలోనూ ప్రతిసారి చెప్పవలసిన భారం ఒక్కరిమీదనే పడుతూ వచ్చినది. ఒక శనివారం పంతులమ్మగారు, "ఇవాళ నేను చెప్పను, మీరే చెప్పుకోండి" అని కాఫీ గ్లాసు చేతపట్టుకొని కూర్చున్నారు. ఏడుగురం ఒకరి ముఖం ఒకరం చూచుకొన్నాము. పుస్తకం తెరిచేయున్నది. చాలసేపు ఎవ్వరమూ పుట తిప్పలేదు.

అచ్చుకు పోయేముందు వ్రాతప్రతిని వారికి పంపినాను. మూడుచోట్ల పెన్సిలుతో గీతలు గీసి తిప్పిపంపినారు. రెండింటిని దిద్దినాను. మూడవది ఠాకూరు క్రియ. దానిని గురించి వచ్చే శనివారం మాట్లాడవలసియున్నది.