గొరిల్లా కోసం కొండ కట్టినవాళ్లు

అమెరికాలోని అట్లాంటా జూలో విల్లీ బి. అనే మగ గొరిల్లా 27 ఏళ్లు ఒక్కడే బతికాడు. నగర మేయర్‌గా పనిచేసిన విలియం బెరీ హార్ట్స్‌ఫీల్డ్ పేరే అతడికి పెట్టారు. ఊరంతా ముద్దు చేసింది, చూడటానికి జనం పిల్లల్ని వెంటేసుకుని వచ్చారు. ఇచ్చిన ఇల్లు మాత్రం గచ్చు నేల, ఇనుప ఊచలు, వేలాడే టైరు, పొద్దుపోవడానికి ఒక టీవీ. 1984లో ఆ జూ దేశంలోకెల్లా అధ్వానమైన జూల జాబితాకెక్కి పరువు పోగొట్టుకున్నాక గానీ నగరానికి మెలకువ రాలేదు. టెర్రీ మేపుల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త డైరెక్టరుగా వచ్చాడు. జూను తిరగ కట్టించాడు. 1988లో విల్లీ బి. ఆరుబయట గడ్డి మీద అడుగు పెట్టాడు. అన్నేళ్లు తోడెరుగని మగవాడు ఇక గుంపులో ఏం ఇముడుతాడు అనుకోవడం సహజమే. కానీ విల్లీ బి. గుంపుకు పెద్దయ్యాడు, ఐదుగురు పిల్లలకు తండ్రయ్యాడు. 2000లో చనిపోతే సంతాప సభకు వేలమంది తరలివచ్చారు.

జంతువు అదే. మారింది కాళ్ల కింద నేల, తల మీద ఆకాశం, పక్కన తోడు.

గొరిల్లాకు మంచి ఎన్‌క్లోజర్ కట్టడం ఒక విద్య. అందులో ఆరితేరినవాళ్లు ప్రపంచం మొత్తం మీద కొద్దిమందే. గుడి కట్టిన స్థపతి పేరు శాసనంలోనైనా మిగులుతుంది. వీళ్ల పేర్లు జూ గేటు దగ్గర పలక మీద కూడా ఉండవు. ఎందుకంటే ఈ పనిలో గొప్పతనమంతా పనితనం కనబడకపోవడంలోనే ఉంది. గోడ ఉంటుంది, కానీ కనిపించదు. కంచె ఉంటుంది, తీగల్లో కలిసిపోతుంది. చూసేవాడు ఏదో కొండవాగు పక్కన కాలిబాట మీద నడుస్తున్నాననుకుంటాడు. పొదల సందులోంచి హఠాత్తుగా రెండు వందల కిలోల మగ గొరిల్లా కనిపిస్తే అడుగు వెనక్కి వేస్తాడు. ఆ వెనకడుగే ఈ కళకు దక్కే చప్పట్లు.

చరిత్ర క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1907లో జర్మన్ జంతు వ్యాపారి కార్ల్ హాగెన్‌బెక్ హాంబర్గ్ శివారు స్టెల్లింగెన్‌లో ఊచలు తీసేసి కందకాలు తవ్వించాడు. ఉర్స్ ఎగ్గెన్‌ష్వీలర్ అనే స్విస్ శిల్పి చేత కృత్రిమ కొండలు కట్టించాడు. హాగెన్‌బెక్ మంచి మనిషేమీ కాదు. జంతువుల్ని పట్టించి అమ్ముకున్నాడు, మనుషుల్నీ ప్రదర్శనకు పెట్టాడు. అయినా కందకం ఆలోచన లోకమంతా పాకింది. 1963లో మొదలైన హైదరాబాద్ నెహ్రూ జూలాజికల్ పార్కులో కందకం అవతల సింహాన్ని చూసినవాళ్లందరూ ఆ ఆలోచన ఫలమే చూశారు. ఇక లండన్ జూలో 1933లో బెర్తోల్డ్ లుబెట్కిన్ బృందం గొరిల్లాల కోసం గుండ్రటి కాంక్రీటు భవనం కట్టింది. వాస్తుశిల్పులు ఇప్పటికీ దాన్ని మెచ్చుకుంటారు. మెచ్చుకోనీ. లోపల ఉన్న గొరిల్లాకు ఎక్కడానికి చెట్టు లేదు, పీక్కు తినడానికి ఆకు లేదు.

అసలు మలుపు సియాటిల్‌లో వచ్చింది. వుడ్‌లాండ్ పార్క్ జూ 1976లో తన భవిష్యత్ ప్రణాళికను జోన్స్ అండ్ జోన్స్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుల సంస్థకు అప్పగించింది. గ్రాంట్ జోన్స్, జాన్ కో, ఆ జూ డైరెక్టరుగా ఉన్న ఇంగ్లిష్ ఆర్కిటెక్టు డేవిడ్ హాన్‌కాక్స్ ఒక్కచోట చేరారు. రువాండా కొండల్లో గొరిల్లాల మధ్య ఏళ్ల తరబడి గడిపిన డయాన్ ఫాసీని సలహా అడిగారు. అందరూ గీసే బొమ్మలో ముందు జనం నిలబడే చోటు వస్తుంది, మిగిలినదాంట్లో జంతువును సర్దుతారు. వీళ్లు దాన్ని తిరగేశారు. ముందు అడవి గీశారు. అందులో గొరిల్లా ఎక్కడ కూర్చుంటుంది, ఎండ ఎటు పడుతుంది, గాలి ఎటు వీస్తుంది అని చూసుకున్నారు. ఆ తర్వాతే మనిషికి దారి వెతికారు. గొరిల్లాలు మొక్కలన్నీ పీకేస్తాయనీ, చెట్టెక్కి పడి కాళ్లు విరగ్గొట్టుకుంటాయనీ అప్పట్లో హెచ్చరించినవాళ్లు ఉన్నారు. 1970ల చివరన ఆ తోట తెరుచుకుంది. కీకీ అనే సిల్వర్‌బ్యాక్ (వీపు నెరిసిన పెద్ద మగ గొరిల్లా) తన గుంపుతో అందులో తిరుగుతుంటే, జూల లోకంలో అప్పటిదాకా మంచి ఎన్‌క్లోజర్లుగా చలామణీ అయినవన్నీ ఒక్కసారిగా పాతబడిపోయాయి. అట్లాంటాలో విల్లీ బి. నడిచిన గడ్డి కూడా ఆ జాన్ కో గీతలోంచి మొలిచిందే.

వీళ్ల పనిలో మెళకువలు దగ్గరగా చూస్తే తప్ప తెలియవు. దారి సంగతే చూడండి. అది ఎప్పుడూ వంకరగానే సాగుతుంది, ఒక్క మలుపు దగ్గరే చూపు తెరుచుకుంటుంది. ఎదురుగా మరో గుంపు జనం, రంగురంగుల చొక్కాలు, ఐస్‌క్రీం బండి కనిపించకూడదు. కనిపించాయా, అడవి భ్రమ అక్కడితో సరి. అందుకే ఒక చూపుకు ఇంకో చూపు అడ్డురాకుండా మట్టిగట్లు పోసి, పొదలు నాటి దాచేస్తారు. మనిషి నిలబడే చోటు కాస్త పల్లంగా, గొరిల్లా కూర్చునే చోటు కాస్త మిట్టగా ఉంచుతారు. గోతిలోకి తొంగిచూస్తే ఏ జంతువైనా లోకువగా కనబడుతుంది. తలెత్తి చూస్తే మనిషి గొంతు తనంతట తానే తగ్గుతుంది.

అద్దం పెట్టడంలో ఇంకా పనితనం ఉంది. మనిషి వైపు చూరు బాగా కిందికి దించి చీకటి చేస్తారు, అద్దాన్ని కొద్దిగా వాలుస్తారు. అలా చేయకపోతే గొరిల్లా బదులు మన మొహమే మనకు కనబడుతుంది. గొరిల్లా వైపు అద్దం పక్కనే చదునైన నేల, ఆనుకోవడానికి ఒక బండ పెడతారు, చలికాలంలో ఆ బండను లోపలినుంచి వెచ్చగా ఉంచుతారు. గొరిల్లా తనంతట తాను వచ్చి అక్కడ నడుం వాలుస్తుంది. అద్దం మీద బాది పిలవాల్సిన పని ఎవరికీ ఉండదు. గొరిల్లాలు ఎన్‌క్లోజర్‌లో ఏ జాగా కోరుకుంటాయో లెక్కగట్టిన మేపుల్ బృందానికి తెలిసింది కూడా ఇదే. చదును నేల, వీపు ఆనించడానికి గోడో రాయో చెట్టో, తమ రాత్రి గదులకు దగ్గరి చోటు వాటికి ఇష్టం. ఎన్ని ఎకరాలిచ్చామన్నది ఆ తర్వాతి మాట. స్విట్జర్లాండ్‌లో జూలు నడిపిన హైనీ హెడిగర్ ఈ సంగతి 1940లలోనే చెప్పాడు.

కందకంలో నీళ్లు చూడముచ్చటగా ఉంటాయి. కానీ గొరిల్లాకు ఈత రాదు. న్యూయార్క్ బ్రాంక్స్ జూలో మకోకో అనే గొరిల్లా 1951లో కందకంలో పడి మునిగి చనిపోయాడు. అందుకే తెలిసినవాళ్లు పొడి కందకాన్నే ఎంచుకుంటారు. అడుగున మెత్తటి మట్టి పోసి, పడ్డ పిల్ల మళ్లీ పైకెక్కేలా ఒక పక్క వాలు ఇస్తారు.

చూపు విషయం వేరుగా చెప్పుకోవాలి. ఆపకుండా కళ్లలోకి చూడటం గొరిల్లా లోకంలో కయ్యానికి కాలు దువ్వడమే. 2007లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ జూలో బొకిటో అనే సిల్వర్‌బ్యాక్ నీటి కందకం దాటి వచ్చి ఒక మహిళను తీవ్రంగా గాయపరిచాడు. ఆమె తరచూ వచ్చి అతడి కళ్లలోకి చూస్తూ నవ్వేది. ఆమె ప్రేమతోనే నవ్వింది. అతడికి అది ప్రేమగా అందలేదు. గొప్ప ఎన్‌క్లోజర్ ఈ అపార్థానికి తావివ్వదు. జనాన్ని చిన్న చిన్న గుంపులుగా విడగొడుతుంది, ఆకుల చాటున నిలబెడుతుంది. అన్నిటికీ మించి, జనానికి వీపు తిప్పి పొదల వెనక్కి వెళ్లిపోయే వీలు గొరిల్లాకు ఇస్తుంది. గంటసేపు నిలబడినా కనబడలేదని గొణిగే సందర్శకుడి ఫిర్యాదును మంచి జూ డైరెక్టరు ఓపిగ్గా వింటాడు, పొద మాత్రం కొట్టించడు.

జనం చూడని భాగమే గొరిల్లాకు సగం జీవితం. రాత్రి గదుల్లో ప్రతి గదికీ రెండు తలుపులుండాలి. గుంపులో పెద్దది తరిమినప్పుడు చిన్నది మూల చిక్కకుండా ఇంకో వైపునుంచి జారుకోవాలి. పడుకునే చోట గడ్డి మోకాలెత్తు పరవాలి, ఎందుకంటే అడవిలో గొరిల్లా ఏ రాత్రికారాత్రి కొత్తగా పక్క కట్టుకుంటుంది. తిండి సంగతికొస్తే, అల్లం, ఏలకుల కుటుంబానికి చెందిన అఫ్రమోమమ్ కాడలు, పండ్లు అడవిలో దానికి ఇష్టమైన మేత. జూలు దశాబ్దాలపాటు దానికి పెట్టింది బిస్కట్లు. జూలలోని మగ గొరిల్లాలను ఎక్కువగా పొట్టన పెట్టుకుంటున్నది గుండెజబ్బు. క్లీవ్‌లాండ్ జూలో పరిశోధకులు బిస్కట్లు ఆపేసి ఆకుకూరలు బుట్టలకొద్దీ పెట్టారు. గొరిల్లాల బరువు తగ్గింది, తిన్నది కక్కుకుని మళ్లీ తినే అలవాటు పోయింది, మేతకు గడిపే సమయం పెరిగింది. కీపర్లు ఊచల సందున పండు చూపించి, ఛాతీ ఆనించమని నేర్పి, మత్తుమందు లేకుండా గుండెకు అల్ట్రాసౌండ్ తీస్తున్నారు. రోజూ అదే వేళకు అదే గొంతుతో పిలిచే కీపరు లేకపోతే ఏ గొరిల్లా అలా గుండె చూపించదు. ఆ కీపరు కూడా ఎన్‌క్లోజర్‌లో భాగమే.

ఇంగ్లండ్‌లోని కెంట్‌లో జాన్ యాస్పినాల్ స్థాపించిన హౌలెట్స్ జూ, ఎన్‌క్లోజర్ అడవిలా కనబడాలనే ఈ వాదానికి పెద్ద సవాలు. జూదశాలల యజమాని అయిన యాస్పినాల్ కట్టించిన ఆ పంజరాలు చూడటానికి పంజరాలే, దాపరికం లేదు. కానీ లోపల ఓట్ గడ్డి మందంగా పరిచి, గింజలు, ఆకులు, పండ్లు పైకప్పు జాలీ మీదినుంచి చల్లుతారు. గొరిల్లాలు రోజంతా వెతుక్కుంటూ, తాళ్ల మీద ఊగుతూ ఉంటాయి. అక్కడా, దాని తోబుట్టువు పోర్ట్ లింప్నేలోనూ వందకు పైగా పిల్లలు పుట్టాయి. సియాటిల్ పక్షం వహించేవాళ్లకు ఇది మింగుడు పడదు గానీ, ఒప్పుకోక తప్పదు. గొరిల్లాకు ఆ పంజరం నచ్చింది. అయినా చూసివెళ్లిన పిల్లవాడి మనసులో గొరిల్లా ఇల్లంటే ఊచలనే ముద్ర పడిపోతుంది. అందుకని రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోమంటే ఓటు సియాటిల్‌కే.

రెండు దారులూ కలిసినచోటు బ్రాంక్స్ జూలో 1999లో తెరిచిన కాంగో గొరిల్లా ఫారెస్ట్. ఆరున్నర ఎకరాలు, 4.3 కోట్ల డాలర్లు. జాన్ గ్విన్, లీ ఎమ్కే వంటి రూపకర్తలు పొగమంచుతో సహా అక్కడ మధ్యాఫ్రికాను నిలబెట్టారు. చిన్న థియేటర్లో కూర్చోబెట్టి కాంగో అడవి సినిమా చూపిస్తారు. సినిమా అయిపోగానే తెర తొలగుతుంది, వెనక అద్దం, అద్దం అవతల నిజం గొరిల్లాలు. అక్కడినుంచి అద్దాల సొరంగంలో నడిపిస్తారు. బయటికొచ్చేముందు, నువ్వు కట్టిన టికెట్టు డబ్బు కాంగోలో ఏ సంరక్షణ పనికి పోవాలో నువ్వే చెప్పమని అడిగేవారు. కళ్లు చెమర్చిన క్షణంలోనే ఆ ప్రశ్న వేయడం ఎంత ఆలోచనతో చేసిన పని!

ఇంత గొప్ప విద్యకు ఇప్పుడు పట్టిన గతి చూస్తే కడుపు మండుతుంది. ఇనుప కడ్డీల మీద సిమెంటు చిమ్మి, గోధుమరంగు పూసి, పైనుంచి ఒక జలపాతం వదిలేసి దాన్ని సహజ ఆవాసం అని బోర్డు కడుతున్నారు. ఆ రాయి ఎండకు పెనంలా కాలుతుంది, జంతువు దాని దరిదాపులకు పోదు. చెట్లు నాటుతారు, ఒక్కో చెట్టుకు కరెంటు తీగ చుడతారు. అంటే కనబడే పచ్చదనమంతా మన కళ్లకు, జంతువుకు మిగిలేది నడుమ ఉన్న బోడి నేల. గోడ మీద అడవి బొమ్మ గీయించి, దాని ముందు సెల్ఫీ పాయింట్ పెడతారు. రూల్సు ప్రకారం చదరపు మీటర్లు సరిపోయాయని కాగితం చూపిస్తారు. నీడ ఎంతో, దాక్కునే చోటెక్కడో ఆ కాగితంలో ఎవరూ వెతకరు. సియాటిల్ నుంచి రాళ్లు కాపీ కొట్టారు, ఆలోచన అక్కడే వదిలేశారు.

మన దేశంలో గొరిల్లాలను మైసూరు జూలో చూడొచ్చు. డబ్లిన్ నుంచి 1995లో వచ్చిన పోలో తోడు లేకుండానే బతికి 2014లో కన్నుమూశాడు. 2021లో జర్మనీ నుంచి థాబో, డెంబా అనే రెండు మగ గొరిల్లాలు వచ్చాయి. ఇన్ఫోసిస్ ఫౌండేషన్ సాయంతో కొత్త ఎన్‌క్లోజర్ కట్టారు. మైసూరు వెళ్లే తెలుగువాళ్లు అక్కడ సెల్‌ఫోన్ జేబులో పెట్టి ఓ అరగంట నిలబడి ఆ ఇద్దరిలో ఎవరు ముందు కదులుతారో, ఎవరు ఎవరికి దారి ఇస్తారో చూడాలి. ఎన్‌క్లోజర్ మంచిచెడ్డలు చదవడం అలాగే వస్తుంది.

తెలుగునాట గొరిల్లాలు లేవు, రావాల్సిన పనీ లేదు. మనకు రేచుకుక్కలున్నాయి, ఎలుగుబంట్లున్నాయి, మూషిక జింకలున్నాయి. సియాటిల్ వాళ్లు మట్టి మోయించి కట్టుకున్న కొండ మనకు పెరట్లోనే ఉంది. విశాఖ జూ వెనక కంబాలకొండ, తిరుపతి జూ వెనక శేషాచలం. ఆ కొండ గీత ఎన్‌క్లోజర్ వెనక తెగకుండా కనబడేలా దారి మలిపితే సగం పని అయినట్టే. కాంక్రీటు రాళ్లకు పెట్టే డబ్బును నీడనిచ్చే చెట్లకు పెట్టండి. టెండరు కమిటీలో ఇంజనీర్ల పక్కన ఆ జంతువును రోజూ చూసుకునే కీపర్‌ను, తోటమాలిని కూర్చోబెట్టండి, వాళ్ల మాటకు సంతకం విలువ ఇవ్వండి. నాటిన మొక్కలు రెండు మూడు వానాకాలాలు చూశాకే జంతువును లోపలికి వదలండి, మంత్రిగారి ప్రారంభోత్సవానికి తేదీ ఆ తర్వాత అడగండి.