ఆంగ్లపు ‘ఇట్’ – తెలుగున కర్తృరహిత వాక్యము

ఆంగ్లవాక్యమునకు కర్తృపదము ప్రాణమువంటిది. ఆజ్ఞార్థకమును విడిచినచో, కర్తృపదము లేని సమాపకక్రియ ఆ భాషయందు సాధారణముగా నిలువజాలదు. వాన కురియునపుడు, చలి పుట్టినపుడు, ప్రొద్దు చాల పోయినపుడు ఆ పని చేయువాడెవడును లేడు. అయినను ఆంగ్లేయుడు ‘ఇట్’ అను సర్వనామమును ముందు నిలిపి, పిమ్మటనే క్రియను పలుకును. ఈ సర్వనామము దేనిని బోధించుచున్నదను విషయమున ఆ భాషాశాస్త్రజ్ఞులలోనే ఏకాభిప్రాయము లేదు. ఇది కేవలము స్థానపూరకము, దీనికర్థము లేదని కొందఱందురు. ఇది పరిసరమునంతటిని అస్పష్టముగా తెలుపునని 1977లో బోలింజరు వాదించెను. ఆ వివాదమును తీర్చుట మా యుద్దేశము కాదు. ఆ సర్వనామమునకు ‘అది’ అని అర్థము చెప్పి, దానినే కొలతగా గైకొని తెలుగు వాక్యమును కొలుచు పద్ధతి యుక్తమా కాదా యని విచారించుటయే యిచట మేము తలపెట్టిన పని.

ఒకానొక పాఠశాలలో ఆంగ్లపు జవాబు పత్రమును మేము చూడ తటస్థించినది. ‘వాన వస్తున్నది’ అను వాక్యమునకు విద్యార్థి ‘రెయిన్ ఈజ్ కమింగ్’ అని వ్రాసెను. ఉపాధ్యాయుడు దానిని కొట్టివైచి ‘ఇట్ ఈజ్ రెయినింగ్’ అని సరిదిద్దెను. అంతవఱకు న్యాయమే. కాని ప్రక్కన ‘అది వర్షించుచున్నది’ అని తెలుగర్థమును గూడ వ్రాసెను. బాలుని వాక్యము ఆంగ్లమున దోషమైనను తెలుగు వ్యాకరణమునకు విధేయమైనది. ఉపాధ్యాయుని వాక్యము తెలుగు మాటలతో కూడినదియే కాని తెలుగు వాక్యము కాదు. ఇందు ఎవరి తప్పు పెద్దది?

తెలుగువారి నోట ఈ సందర్భములు ఎట్లు పలుకుచున్నవో చూతము. 2016 అక్టోబరు వఱకు రంగారెడ్డి జిల్లాలో నుండి, పిమ్మట వికారాబాదు జిల్లాలో చేరిన నవాబుపేట ప్రాంతమున, రైతు ‘వాన వస్తున్నది’, ‘సలి పెడుతున్నది’, ‘దూపైతున్నది’, ‘పొద్దుగూకింది’ అనును. వీనియందెచ్చటను ‘అది’ లేదు. వానయే వచ్చును, చలియే పెట్టును, దూపయే అగును, ప్రొద్దే గూకును. ఆంగ్లమున క్రియలో నణగియున్న వాన, తెలుగున ప్రథమావిభక్తిలో నిలిచి కర్తయైనది. ఇది కర్తయేయనుటకు నిదర్శనము వచనానుసారిత్వము. ‘వానలు వచ్చినవి’, ‘కండ్లు తిరుగుచున్నవి’, ‘చెమటలు పోసినవి’ అనుచోట్ల నామము బహువచనమైనంతనే క్రియయు బహువచనమగుచున్నది. ‘పోయు’ సకర్మకధాతువైనను, ‘చెమటలు పోసినవి’ అనునెడ క్రియ చెమటలనే అనుసరించుట గమనింపదగినది.

ఇంతమాత్రమున తెలుగున కర్తృరహిత వాక్యమే లేదనుటకు వీలులేదు. ‘నాకు చలిగా నున్నది’, ‘ఇంటిలో ఉక్కగా నున్నది’, ‘కడుపులో త్రిప్పుచున్నది’ అను వాక్యములను పరిశీలింపుడు. ‘చలిగా’ అనునది క్రియావిశేషణము. ‘నాకు’ అనునది కువర్ణకాంతము. ‘కడుపులో’ అనునది అధికరణము. ప్రథమాంతమెద్దియు లేదు. ఇచట ‘వాతావరణము’ అను కర్తను అధ్యాహరింపవచ్చునని కొందఱనవచ్చును. అది పొసగదు. వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నమున జ్వరపీడితుడు ‘నాకు చలిగా నున్నది’ అనునపుడు ఏ వాతావరణము చల్లగా నున్నట్లు? కడుపులో త్రిప్పునది ఏదియని యడిగినచో రోగి యేమని చెప్పగలడు? కర్తను వెదకి తెచ్చి యతికించినకొలది వాక్యార్థము చెడుచున్నది. కావున ఇవి నిజముగా కర్తృరహితములు.

బాలవ్యాకరణమునందలి పది పరిచ్ఛేదములలో వాక్యమునకు ప్రత్యేక పరిచ్ఛేదము లేదు. చిన్నయసూరి దృష్టి పదనిష్పత్తిపై నిలిచినది. అది ఆయన కాలమునకును సంప్రదాయమునకును తగినదే. కాని పిదపటి పాఠ్యవ్యాకరణములు ఆ లోపమును పూరించుటకు ఆంగ్లవ్యాకరణపు కర్తృక్రియావిభాగమును యథాతథముగా దించుకొన్నవి. కర్త లేనిచో వాక్యము లేదను భావము అట్లు మనలో పాదుకొన్నది. సంస్కృతము చదివినవారికైనను ఈ భ్రమ కలుగరాదు. ‘మయా ఆస్యతే’ అను భావేప్రయోగమున ప్రథమాంతము లేదు. క్రియ ప్రథమపురుషైకవచనమున ఊరకుండును. చేకూరి రామారావు 1975లో ప్రకటించిన ‘తెలుగు వాక్యము’ పిదప తెలుగు వాక్యమును దాని స్వభావమునుబట్టి పరిశీలించుటకు మార్గము సుగమమైనది. ఆ వెలుగు పాఠశాల గడపను ఇంకను చక్కగా దాటలేదు.

కర్త లేనపుడు తెలుగు క్రియ ఏ రూపమును దాల్చుచున్నది? ‘ఉన్నది’, ‘త్రిప్పుచున్నది’ – అనగా అమహదేకవచనము. ఈ ‘ది’ సర్వనామసంబంధియైన ప్రత్యయమే. ‘అది’ యందలి ‘ది’కి ఆప్తమే. ఆంగ్లేయుడు వాక్యముఖమున నిలిపిన సర్వనామమును తెలుగువాడు క్రియాంతమున దాచియుంచినాడు. ‘ఉండును’ వంటి రూపములలో ఈ ప్రత్యయము పొడసూపదు గనుక దీనిని సర్వత్ర వర్తించు సూత్రముగా చెప్పజాలము. అయినను ‘అది చలిగా నున్నది’ అనుటలో, ప్రత్యయము చేయుచున్న పనికి మఱియొక సర్వనామమును నియమించిన పునరుక్తిదోషము కలదు. అంతేకాక, వినువాడు ‘ఏది?’ యని యడుగును. తెలుగు ‘అది’ వస్తువును వ్రేలితో చూపు పదము. దానికి నిరర్థకముగా నుండుట యలవాటు లేదు.

తక్కిన ఆంగ్లప్రయోగములకును ఇదియే రీతి. ‘ఇట్ ఈజ్ గుడ్ దట్ హీ కేమ్’ అనునది తెలుగున ‘అతడు వచ్చుట మంచిది’ యగును. ‘ఇట్ వాజ్ రామ హూ కేమ్’ అనునది ‘వచ్చినది రాముడు’ అగును. ప్రాధాన్యము పదక్రమమువలననే సిద్ధించుచున్నది. ‘ఇట్ ఈజ్ టెన్’ అనుటకు ‘పదియైనది’ చాలును. ‘ఇట్ ఈజ్ సెడ్’ అను వాక్యాంశమునకు మన భాషలో ఒక్క ‘అట’ చాలును: ‘అతడు వచ్చినాడట’. రెండక్షరముల యీ యవ్యయము నుండగా ‘అతడు వచ్చినట్లు చెప్పబడుచున్నది’ అని వ్రాయుట సంపన్నుడు అప్పుచేసినట్లున్నది.

ఈ విషయమున తెలుగు ఒంటరి కాదు. నవాబుపేటకు పడమటనున్న తాండూరు కర్ణాటక సరిహద్దుకు చేరువనున్నది. అచట తెలుగు, కన్నడము, దక్కనీ యుర్దూ ఒకే యంగడిలో వినవచ్చును. తెలుగువాడు ‘నాకు ఆకలైతున్నది’ అనును. కన్నడిగుడు ‘ననగె హసివాగిదె’ అనును. ఉర్దూభాషి ‘ముఝే భూఖ్ లగీ హై’ అనును. మూడింటను అనుభవించువాడు ‘కు’ వంటి విభక్తిలో నిలిచి, అనుభవమే ప్రథమాంతమైనది. దక్షిణాసియా భాషలకు సమానమైన లక్షణములలో దీని నొకటిగా 1976లో కొలిన్ మసికా గ్రహించెను. వేఱు వేఱు కుటుంబములకు చెందిన భాషలు ఇట్లు ఏకీభవించుచుండగా, ‘నేను’ను కర్తగా నిలుపు ఆంగ్లపు ‘ఐ యామ్ హంగ్రీ’ని ప్రకృతిగాను, మన వాక్యమును వికృతిగాను బోధించుటకు ఆధారమేమి?

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 నుండి ఆంగ్లమాధ్యమము విస్తరించినది. ఆకలియు, దూపయు, చలియు తెలుగున నెఱిగిన బాలుడు తొలియేండ్లలోనే ‘ఇట్’ను ఎదుర్కొనవలసియున్నది. అతనికి ‘ఇచట ఆంగ్లమునకు కర్త కావలయును, మనకు అక్కఱలేదు’ అని ఒక్క వాక్యమున చెప్పిన చాలును. అట్లు చెప్పక ‘అది వర్షించుచున్నది’ యని నేర్పినచో, ఆంగ్లమున ఆ పదమేల యున్నదో అతనికి తెలియదు. తెలుగున అదేల లేదో అతడు మఱచును. రెండు భాషలకును నష్టము వాటిల్లును.

మా మాట ఆంగ్లమునకు ప్రతికూలము కాదు. ‘ఇట్’ ఆ భాషకు సహజము, అనివార్యము. దానిని ఆంగ్లముగానే నేర్పవలయును. తెలుగు వాక్యమును దాని స్వభావమునుబట్టియే వివరింపవలయును. నవాబుపేట రైతు ‘సలి పెడుతున్నది’ అన్నపుడు వాక్యమున లోపించినది ఏదియు లేదు. ఆ పూర్ణత్వమును గుర్తించు వాక్యప్రకరణమును మన పాఠ్యవ్యాకరణములలో చేర్చుట యావశ్యకము. విజ్ఞులు విచారింతురుగాక.