కంటె గొడవ

‘మధురవాణి పాత్ర చిత్రణ’ అని పైన రాసి, కింద అయిదు పాయింట్లు వేసుకుని వచ్చింది డిగ్రీ రెండో ఏడు చదువుతున్న పక్కింటి అమ్మాయి. గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకంలోని ఆ వేశ్యకు చమత్కారం, మానవత్వం, లోకజ్ఞానం... తప్పేం లేదు. కానీ ఆ వరుస గైడుది, అమ్మాయిది కాదు.

కాగితం పక్కన పెట్టించి, “కన్యాశుల్కం చదువుతుంటే నీకు ఎక్కడ చిరాకేసింది?” అన్నాను. ఏం నచ్చిందని అడిగితే పాఠం అప్పజెబుతారు. చిరాకుకు ఇంకా గైడు రాలేదు.

“ఆ కంటె గొడవ మాస్టారూ! పెళ్లి సంగతి నడుస్తుంటే మధ్యలో నగ కోసం అంత రాద్ధాంతమేంటి?”

దాన్నే పట్టుకున్నాం. పెన్సిల్ తీసుకుని, కంటె కనిపించిన చోటల్లా పుస్తకంలో గీత పెట్టమన్నాను. మధురవాణి కంటె మాయపెళ్లికూతురి మెడలోకి వెళ్లింది. పెళ్లికూతురు మాయమైంది. కంటె అడిగి పట్టుకెళ్లిన రామప్పపంతులికి ఇక ఆవిడ గుమ్మం దగ్గర మర్యాద లేదు. కాసేపు గీతలు పెట్టాక తలెత్తి, “ఆడపిల్లల్ని అమ్ముతున్న ఊళ్లో తన సొమ్ము మీద తనకు హక్కున్న ఆడది వేశ్య ఒక్కతేనా?” అంది.

మంచి మాట. అక్కడ శభాష్ అంటే మాత్రం పని చెడుతుంది, వ్యాసం అయిపోయిందనుకుంటారు. “మరి పూటకూళ్లమ్మ?” అన్నాను. సంతలో సామాను కొనిపెడతానని గిరీశం ఇరవై రూపాయలు పట్టుకుపోయింది ఆవిడ దగ్గరే కదా. వితంతువు, పైగా సొంత సంపాదన. ఆవిడా ఊరుకోలేదు, చీపురుకట్ట పట్టుకుని వచ్చింది.

అమ్మాయి ముఖం వాడిపోయింది. నేను మాట్లాడలేదు. ఈ పనిలో కష్టమంతా ఇక్కడే: జవాబు నాలుక చివర ఉంటుంది, మింగాలి. 1897 నాటి నాటకాన్ని గురజాడ 1909లో దాదాపు కొత్తగా తిరగరాశారనీ, మధురవాణి ఇంతగా ఎదిగింది ఆ రెండో కూర్పులోనేననీ చెప్పాలని మహా ఉబలాటం. చెబితే మర్నాటికల్లా వ్యాసం నిండా అదే ఉంటుంది.

చాలాసేపటికి, “మరి ఆ ఇంకో వితంతువు, బుచ్చమ్మకీ ఆస్తి ఉందిగా?” అని తనే తేల్చుకుంది. “ఉంది, కానీ దాని మీద దావా నడిపేది తండ్రి. ఆశ పెట్టుకున్నది గిరీశం. ఆవిడ చేతిలో ఏముంది?”

మధురవాణి, పూటకూళ్లమ్మ ఒక పక్కన, బుచ్చమ్మ ఒక పక్కన. పేరు మీద ఉండటం వేరు, చేతిలో ఉండటం వేరు. నోరు లేచేది చేతిలో ఉన్నవాళ్లదే. ఆ మాట కాగితం మీద పెట్టమన్నాను. గైడు పాయింట్లు అయిదింటిలో లోకజ్ఞానం ఒక్కటే మిగిలింది, అదీ మూడో పేరాలోకి పోయింది.

లేస్తూ, “మొదట్లో కవి జననం, విద్యాభ్యాసం రాయనా మాస్టారూ?” అంది. వద్దన్నాను. మార్కులు పోతాయంది. బేరమాడి, రెండు వాక్యాలకు ఒప్పుకున్నాను.