జ్యోతీంద్ర దవే హాస్యము: సూరతు బాల్యస్మృతులు

గొప్ప గ్రంథమునకు గొప్ప వస్తువు కావలెనను అభిప్రాయము మన దేశమున చాల కాలము నిలిచినది. రాజులు, వీరులు, భక్తులు, కనీసము ఒక మహావిపత్తు లేనిదే రచన నిలువదని రచయితలును పాఠకులును నమ్మిరి. ఇంటి అరుగు, పంతులు చేతి బెత్తము, పండుగనాటి పిండివంట, చెల్లని నాణెము, ఇరుగుపొరుగుల వాదులాట మాటలాడుకొనుటకే గాని వ్రాయుటకు తగినవి కావని తలచిరి. ఈ అభిప్రాయమును వాదముతో గాక నవ్వుతో తొలగించిన గుజరాతీ రచయితలలో జ్యోతీంద్ర దవే ముఖ్యుడు. ఆయన సూరతువాడు. ఈ సంగతి ఆయన జీవితమునకే గాక ఆయన హాస్యమునకు కూడ సంబంధించినది.

జ్యోతీంద్ర దవే 1901 అక్టోబరు 21వ తేదీన సూరతున జన్మించెను. ఆ పట్టణములోని ఎం.టి.బి. కళాశాలలో చదివి, తరువాత కొన్ని సంవత్సరములు అక్కడనే అధ్యాపకుడుగా నుండెను. నడుమ బొంబాయి చేరి కె.ఎం. మున్షీ సాహిత్యకృషికి తోడ్పడెను. 1937 మొదలు 1956 వఱకు బొంబాయి ప్రభుత్వపు అనువాదశాఖలో ఉద్యోగము చేసెను. 1932లో మొదలై పలు భాగములుగా వెలువడిన 'రంగతరంగ్', 1933 నాటి 'మారీ నోంధపోథీ', 1952 నాటి 'రేతీనా రోట్లా' ఆయన వ్యాససంపుటములలో పేరెన్నిక గన్నవి. 1940వ సంవత్సరపు రంజిత్‌రామ్ సువర్ణచంద్రకము ఆయనకు లభించెను. గుజరాతీ సాహిత్య పరిషత్తునకు అధ్యక్షత వహించెను. 1980 సెప్టెంబరు 11వ తేదీన కన్ను మూసెను. పగలెల్ల ప్రభుత్వపు కాగితములలోని మాటలను తూచి మార్చు పనిలో నున్న వాడు, ఆ మాటలకే గంతులు నేర్పిన హాస్యరచయిత యగుట గమనింపదగినది. మాట బరువు నెఱిగినవానికే దాని తేలికదనము కూడ తెలియును.

ఆయన నవ్వునకు జన్మస్థానమైన పట్టణమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. తాపీనది యొడ్డున నున్న సూరతు మొగలాయిల కాలమున భారతదేశపు పడమటి వాకిలి. మక్కాయాత్రికులును, దేశదేశముల వర్తకులును అచ్చటనే ఓడ లెక్కిరి. పిమ్మట వాణిజ్యము క్రమముగా బొంబాయికి తరలిపోయెను. 1837వ సంవత్సరమున అగ్నిప్రమాదము వేలకొలది యిండ్లను కాల్చివేయగా, అదే సంవత్సరమున నదికి వరద వచ్చెను. ఇట్లు ఐశ్వర్యము తగ్గినను ఆ పట్టణము రుచిని వదలుకొనలేదు. భోజనము సూరతున, మరణము కాశిలో అను సామెత గుజరాతు అంతట వ్యాపించియున్నది. శరత్పూర్ణిమ మఱునాడు, చందీ పడవో అను దినమున, ఊరెల్ల డాబాలమీదను వీధులలోను కూర్చుండి 'ఘారీ' అను మిఠాయి తినుట నేటికిని అక్కడి పండుగ. ఆ తిండికి వెనుక పురాణకథ యేదియు అక్కఱలేదు. పదిమంది కలసి తినుటయే దాని మాహాత్మ్యము. జ్యోతీంద్రుని సాహిత్యమునకు కూడ ఇదియే సూత్రమని చెప్పవచ్చును.

అయితే సూరతు తన బాల్యమును తలచుకొనుట జ్యోతీంద్రునితో మొదలు కాలేదు. అంతకు రెండు తరముల ముందే నర్మద్ ఆ పని చేసెను. 1833 ఆగస్టు 24వ తేదీన సూరతున జన్మించిన నర్మదాశంకర లాల్‌శంకర దవే, తన ముప్పది మూడవ యేట, 1866లో, 'మారీ హకీకత్' అను స్వీయచరిత్రమును వ్రాసెను. గుజరాతీ భాషలో అది మొదటి ఆత్మకథగా ప్రసిద్ధి గన్నది. కొలది ప్రతులు మాత్రమే అచ్చువేయించి యుంచుకొనగా, ఆయన శతజయంతి సంవత్సరమగు 1933లో గాని అది పుస్తకముగా లోకమునకు అందలేదు. 'హకీకత్' అనగా ఉన్న సంగతి. అలంకారము లేని ఈ పేరులోనే గ్రంథస్వభావమంతయు ఇమిడియున్నది. మహాపురుషుడు లోకమునకు ఉపదేశించుటకు వ్రాసిన చరిత్ర కాదది. పల్లెబడులు, పంతుళ్లు, చిన్ననాటి పెండ్లి, తల్లి మరణము, ఉద్యోగముల రాకపోకలు ఇవన్నియు లెక్కల పుస్తకములో వలె వరుసగా వచ్చును.

ఆ లెక్కల నడుమ ఒక ఆనందము మెఱయుచున్నది. ధీరా భగతుని పదములు పరిచయమైన పిమ్మట, ఇరువది మూడవ యేట, నర్మద్ కవిత్వమునకు పూనుకొనెను. 1858 నవంబరు 23వ తేదీన ఉపాధ్యాయవృత్తిని విడిచి, కలమునే తల్లిగా భావించి దాని ఒడిలో తలదాచుకొనెను. ఈ ఆనందమునకు వెల లేకపోలేదు. అప్పులును, లోకాపవాదమును వెంటనంటగా, దాదాపు ఇరువది నాలుగేండ్లు నిలుపుకొన్న వ్రతమును 1882లో విడిచి మరల కొలువునకు పోవలసివచ్చెను. వితంతువివాహమును సమర్థించుటయే గాక తానే ఆచరించి చూపిన సంస్కర్త ఆయన. తెలుగు పాఠకులకు ఇచ్చట కందుకూరి వీరేశలింగము పంతులుగారు తప్పక జ్ఞప్తికి వత్తురు. అయితే పంతులుగారి స్వీయచరిత్రము చేసిన పనుల వృత్తాంతము. నర్మద్ గ్రంథము పనులకు వెనుకనున్న మనస్సు యొక్క చలనము.

నర్మద్ బాల్యమును ఒంటరిగా తలచుకొనెను. జ్యోతీంద్రుడు అట్లు చేయలేదు. ధనసుఖలాల్ మెహతాతో (1890–1974) కలసి ఆయన వ్రాసిన 'అమే బధాం' 1930ల నడుమ వెలువడినది. దానిని నవల యనుట వాడుక. కాని కథాసూత్రము సన్ననిది. ఆత్మకథాపద్ధతిలో సాగిన ఆ పుస్తకమునకు అసలు నాయకుడు ఆనాటి సూరతే. కుటుంబములు, బంధువులు, శుభాశుభములు, వీధి పలుకుబడులు ఒకదానిని పట్టుకొని మఱియొకటి వచ్చును. ఇద్దఱు రచయితలు కలసి ఒక స్వీయకథను వ్రాయుట మొదట వింతగా తోచును. స్వానుభవమునకు భాగస్వామి యెట్లు కుదురునని సందేహము కలుగును. కాని బాల్యస్మృతి ఎవరిదైనను పూర్తిగా ఒకరి సొత్తు కాదు. తనకు జ్ఞప్తియున్నదని మనిషి నమ్మునది చాలవఱకు అమ్మమ్మ చెప్పినది, అన్న సవరించినది, పొరుగువారు వెక్కిరించినది. ఇద్దఱు కలముల కలయికను ఈ గ్రంథము దాచకుండుట వలన స్మృతి యొక్క నిజస్వభావమే బయటపడినది.

ఈ గ్రంథనామమును హిందీలోనికి మార్చినచో 'హమ్ సబ్' అగును. అందులో తప్పు లేదు గాని నష్టము కలదు. గుజరాతీలో 'అమే' వేఱు, 'ఆపణే' వేఱు. వినువానిని కలుపుకొన్నది 'ఆపణే', కలుపుకొననిది 'అమే'. హిందీ 'హమ్'కు ఈ భేదము లేదు. తెలుగునకు కలదు. కావున 'అమే బధాం' అనగా 'మేమందఱము', 'మనమందఱము' కాదు. ఇంకొక విశేషము: 'బధా' అనినచో పురుషులు, 'బధీ' అనినచో స్త్రీలు. పురుషులు, స్త్రీలు కలసియున్నప్పుడు గుజరాతీ నపుంసకరూపమైన 'బధాం' వాడును. ఇంటిలోని ముసలమ్మలు, ఆడపడుచులు, పసిపిల్లలు అందఱును ఆ ఒక్క అనుస్వారములో నున్నారు. హిందీ ద్వారమున వచ్చు తెలుగు అనువాదకుడు ఇది గమనింపనిచో, మన భాషకు సహజముగా నున్న సంపదను చేజేతుల జారవిడిచినవాడగును.

ఈ వ్యాకరణవిషయమునందే గ్రంథరహస్యము కూడ నున్నది. మొదట పాఠకుడు 'మేము' అను గడప కావల నిలిచియుండును. లోపలివారు తమ సంగతులు తాము చెప్పుకొనుచుందురు. పాఠకుని మెప్పించుటకు గాని, జాలి పుట్టించుటకు గాని వారు యత్నింపరు. పుటలు తిరిగినకొలది, ఆ మేనత్త తన మేనత్త వలెను, ఆ పెండ్లిలోని అలుక తన యింటి పెండ్లిలోని అలుక వలెను కనబడ నారంభించును. 'మేము' ఎవరును చెప్పకయే 'మనము'గా మారును. బాల్యస్మృతులు వ్రాయువారిలో పలువురు ఆరంభముననే 'మనము' అని చేయి చాతురు. ఆ తొందరలో ఆ యూరి వాసన పోవును. సూరతును సూరతుగా నుంచుటయే పరాయి పాఠకుని లోపలికి పిలుచుటకు మార్గమని ఈ రచయితలు ఎఱిగిరి.

వ్యాసములలో జ్యోతీంద్రుని పద్ధతి మఱింత స్పష్టము. 'ఖోటీ బే ఆనీ' చెల్లని రెండణాల నాణెమును గూర్చినది. 'జీభ్' నాలుకను గూర్చినది. 'మారీ వ్యాయామసాధనా' బక్కపలుచని మనిషి దేహదార్ఢ్యమునకు చేసిన ప్రయత్నము. 'అశోక్ పారసీ హతో' అనునది అశోకుడు పారసీకుడని నిరూపించు మిషతో పండితుల పరిశోధనాడంబరమును వెక్కిరించును. ఒక పుస్తకమునకు ఆయన పెట్టిన పేరు 'అల్పాత్మానుం ఆత్మపురాణ్', అనగా అల్పాత్ముని ఆత్మపురాణము. గాంధీమహాత్ముని ఆత్మకథ 1925 నుండి వారము వారము 'నవజీవన్'లో వెలువడి గుజరాతు మనస్సును కదలించిన పిమ్మట వచ్చిన పేరిది. మహాత్ముడు తన కథ వ్రాసినాడు సరే, అల్పాత్ముని మాట యేమి? ఈ ప్రశ్నలో ధిక్కారము లేదు, వినయము కలదు. ఆ వినయమునకు అడుగున, సామాన్యుని దినము కూడ లెక్కింపదగినదే యను పట్టుదల కలదు.

నవ్వు రెండు విధములు. ఎదుటివానిని క్రిందికి దింపునది యొకటి, నవ్వువాడు తానే క్రిందికి దిగునది యొకటి. జ్యోతీంద్రుని నవ్వు రెండవ జాతిది. పానుగంటి లక్ష్మీనరసింహారావుగారి 'సాక్షి' సంఘమును మందలించును. ఆ నవ్వులో కొరడా చప్పుడు వినబడును. సూరతు రచయితకు సన్నిహితుడు తెలుగున మునిమాణిక్యం నరసింహారావుగారు. కాంతము ముందు ఓడిపోవుటలోనే ఆ భర్తకు సుఖము కలదు. తన బలహీనతను ఒప్పుకొన్నవానికి లోకముతో పేచీ తగ్గును, పేచీ తగ్గినకొలది లోకమున చూడదగిన వస్తువులు పెరుగును. జ్యోతీంద్రుని రచనలలో కనబడు ఆనందము అదృష్టవంతుని ఆనందము కాదు. దేహబలము, ధనము లేకున్నను చూపు చెడనివాని ఆనందము.

లోపములు లేవని చెప్పరాదు. చిన్న చమత్కారమును సాగదీసి పెద్ద వ్యాసము చేయుట, శ్లేషను విడువలేక విడువలేక పట్టుకొని యుండుట పలుచోట్ల కనబడును. అంతకు మించిన లోపము ఆ 'మేము' యొక్క పరిమితి. అది చదువుకొన్న మధ్యతరగతి యిండ్ల 'మేము'. నర్మద్‌ను నిద్రపోనీయని వితంతువుల దుఃఖము, జ్యోతీంద్రుని నవ్విలోగిలిలో గొంతు తగ్గించి మాటలాడును. సూరతును పోషించిన మగ్గముల చప్పుడు దూరముననే యుండిపోవును. కోపము లేని హాస్యము మనస్సునకు హాయి గూర్చును, కాని అన్ని గదుల తలుపులు తెరువజాలదు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి 'అనుభవాలూ–జ్ఞాపకాలూనూ' చదివినవారికి ఈ భేదము తెలియును. అందులో ముచ్చటతో పాటు దెబ్బ కూడ జ్ఞప్తి యుండును.

ఇక అనువాదము మాట. సూరతీ యాసలో 'స'కారము తఱచు 'హ'కారమగును. సూరతు 'హూరత్' అగును. దీనికి తెలుగున ఏ మండలపు యాసను సమకూర్చవలెను? ఏదో ఒక యాసను తెచ్చి అతికించినచో తాపీ యొడ్డు గోదావరి యొడ్డగును. అంతయు గ్రంథభాషలో నడిపినచో నవ్వు ఆరిపోవును. మార్గము మూలములోనే కలదు. జ్యోతీంద్రుని హాస్యము సగము శైలికిని వస్తువునకును గల దూరమునుండి పుట్టినది: పురాణశైలిలో అల్పాత్ముడు, పరిశోధనశైలిలో అసంబద్ధము. కావున కథనమును గంభీరమైన తెలుగులో నుంచి, సంభాషణములను నిత్యము ఇంటిలో పలుకు తెలుగులో నుంచుట మేలు. 'ఘారీ'ని బొబ్బట్టుగా మార్చుట మాత్రము తగదు. పేరు తెలియని మిఠాయిని కూడ తినువాని ముఖమును చూచి రుచి గ్రహింపవచ్చును.

ఈ అనువాదము తెలుగువారికి సాహిత్యకుతూహలము మాత్రమే కాదు. తెలంగాణమునుండి వేలకొలది నేతపనివారి కుటుంబములు సూరతునకు వలసపోయి అక్కడి మగ్గములపై బ్రతుకుచున్నవి. ఆ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున కూడ పాఠశాలలు నడుపుచు వచ్చినది. లింబాయత్ వంటి పేటలలో పెరిగిన తెలుగు బాలురకు సూరతే చిన్ననాటి ఊరు. సంక్రాంతినాడు వారు ఎగురవేసిన గాలిపటములు ఉత్తరాయణపు గాలిపటములే. జ్యోతీంద్రుని 'మేము'లో చోటు దొరకని మగ్గముల చప్పుడు వారి జోలపాట. మర యంత్రముల నడుమ పెరిగినను నవ్వు మఱవని ఆ బాల్యమును వ్రాయువాడు వారిలోనుండి రావలెను. వచ్చినప్పుడు అతనికి 'మారీ హకీకత్' నిజము చెప్పు ధైర్యమును, 'అమే బధాం' పదిమందితో కలసి జ్ఞప్తి చేసికొను విధమును అందించును. ఈ రెండు గ్రంథములు తెలుగున చక్కగా వెలువడుట ఆవశ్యకమనుటకు ఇంతకంటె వేఱు కారణము చూపనక్కఱలేదు.