తొట్టి పలికేదాకా

నీలి తొట్టిలోకి తొంగిచూస్తే నీళ్ళు నీలంగా కనిపించాయంటే అది ఇంకా పలకలేదని, అంటే అద్దకానికి సిద్ధం కాలేదని అర్థం. పలికిన తొట్టిలో నీళ్ళు పసుపూ ఆకుపచ్చా కలిసినట్టు ఉంటాయి. పైన రాగి మెరుపుతో సన్నని పొర, నడుమ ముదురు నీలం నురుగు. అందులో ముంచి తీసిన తెల్లబట్ట కూడా ముందు పచ్చగానే బయటికొస్తుంది. గాలి తగిలిన కొద్దీ అంచుల్లో మొదలై, చూస్తుండగానే ముదిరి, కాసేపటికి నీలమవుతుంది. అద్దకమంతా ఆ కాసేపట్లోనే ఉందనుకుంటారు చాలామంది. నన్నడిగితే అసలు విద్య అంతకుముందు రోజుల్లో ఉంది, ఎవరూ ఫొటోలు తీయని రోజుల్లో.

చిరివేరు, మంజిష్ఠ లాంటి చెట్టురంగులు నూలుకు పట్టాలంటే కరక్కాయ నీళ్ళూ పటికా కావాలి. నీలికి పటికతో పనిలేదు. దాని చిక్కు వేరు: అది నీళ్ళలో కరగదు. కరగని రంగు దారంలోకి దూరదు. అందుకని నీలిమందు వేసి క్షారం కలిపిన నీళ్ళలోంచి ప్రాణవాయువును లాగేసే ఏర్పాటు చేయాలి. అప్పుడది రంగు మారి, కరిగి, నూలులోకి ఇంకుతుంది. బట్టను పైకి తీయగానే గాలిలోని ప్రాణవాయువు తగిలి, రంగు దారంలోనే కరగని నీలంగా స్థిరపడుతుంది. ఉతికితే ఎందుకు పోదో దీన్నిబట్టే తెలుస్తుంది. అయితే రంగు ఎక్కువగా దారం పై పొరల్లోనే ఉంటుంది కాబట్టి రాపిడికి అరుగుతుంది. జీన్స్ ప్యాంట్లు మోకాళ్ళ దగ్గర తెల్లబడేది అందుకే.

నీలిమందు వచ్చేది అవిరి మొక్క ఆకుల నుంచి. చిక్కుడు కుటుంబానిది, నేలకు నత్రజనినిచ్చే పైరు. కోసిన కొమ్మలను తొట్టిలో నీళ్ళలో అణిచిపెట్టి గంటల తరబడి నానబెడతారు. ఆకులోని సత్తు పులిసి నీళ్ళలోకి దిగుతుంది. ఆ నీళ్ళను కింది తొట్టిలోకి వదిలి, గాలి బాగా కలిసేలా కాళ్ళతోనో తెడ్లతోనో చిలుకుతారు. పచ్చటి నీళ్ళు నీలానికి తిరుగుతాయి, నురుగు లేస్తుంది, తర్వాత అడుగున మడ్డి పేరుకుంటుంది. దాన్ని కాచి, గుడ్డలో వడకట్టి, పిండి, బిళ్ళలుగా కోసి ఆరబెడతారు. పిప్పి తిరిగి పొలానికే ఎరువుగా పోతుంది. తమిళనాడులో తిండివనం చుట్టుపక్కల ఈ పని ఇప్పటికీ సాగుతోంది.

ఇక తొట్టి సంగతి. దక్షిణాదిన పాత పద్ధతి మట్టి బానలది. వాటిని మెడదాకా నేలలో పాతేవారు, పగలూ రాత్రీ వేడి ఒకేలా ఉండటానికి. నీలిమందును మెత్తగా నూరి, సున్నపు తేటా చౌడుమట్టి క్షారమూ కలిపి, ఉడికించిన తగిరిస గింజలను జావతో సహా పోస్తారు. ఆ పిండిపదార్థం తిని పెరిగే సూక్ష్మజీవులే లోపల ప్రాణవాయువును హరించేవి. పాత బానలోని నీళ్ళు కొన్ని కొత్తదాంట్లో పోయడం పాలకు తోడు వేయడం లాంటిదే. చలి ఎక్కువైనా, సున్నం తక్కువై పులుపెక్కినా బాన చెడుతుంది. అందుకే అద్దేవాళ్ళు రోజూ వాసన చూస్తారు, వేళ్ళ మధ్య జారుడు చూస్తారు, కొందరు నాలుకకూ రాసుకుంటారు. బలహీనపడితే మేత వేసి, మూతపెట్టి, పని ఆపేస్తారు. బాగా చూసుకున్న బానను నెలల తరబడి పారబోయకుండా వాడుకోవచ్చు.

ఇన్ని జాగ్రత్తలు పడ్డా ఒక్కోసారి పలకదు. అలాంటప్పుడు ఊళ్ళో ఓ అబద్ధం పుట్టిస్తే రంగు తిరుగుతుందని పాతకాలపు నమ్మకం ఒకటుంది. నీలివార్తలన్న మాట పుట్టిందీ అక్కడేనంటారు. రంగు సంగతేమోగానీ, నీలి బాన చుట్టూ కబుర్లకు మాత్రం ఎప్పుడూ కొదవ లేదు. పని స్వభావమే అంత: ముంచాలి, తీయాలి, గాలికి ఆరబెట్టాలి, మళ్ళీ ముంచాలి. నడుమ ఖాళీ. ఒక్కరే చేస్తే విసుగు, నలుగురుంటే కాలక్షేపం.

ఈమధ్య హైదరాబాదులోనూ బెంగళూరులోనూ ఆదివారాల్లో జరుగుతున్న నీలి అద్దకపు కూడికలు ఈ స్వభావానికి సరిగ్గా సరిపోయాయి. చిత్రకళ రానివాళ్ళూ, సూది పట్టనివాళ్ళూ వచ్చి కూర్చోవచ్చు. తెల్ల నూలు రుమాలును ముందే సబ్బునీళ్ళలో ఉడికించి గంజి వదిలిస్తారు. ఒకరు దాన్ని విసనకర్ర మడతలు పెట్టి చెక్కముక్కల మధ్య బిగిస్తారు. మరొకరు చింతగింజలు పెట్టి దారంతో ముడులు వేస్తారు. ముడి బిగువుగా పడితే అక్కడ తెలుపు మిగులుతుంది, వదులైతే నీలం పాకుతుంది. రెండూ బాగానే ఉంటాయి. పోటీ లేదు, మార్కుల్లేవు. చేతులకు పనుంటే నోళ్ళు వాటంతటవే తెరుచుకుంటాయి. పక్కనున్నది ఎవరో తెలియకపోయినా వాళ్ళ ముడి విప్పుతున్నప్పుడు అందరూ చుట్టూ చేరతారు.

ముంచేటప్పుడు కొన్ని మర్యాదలున్నాయి. బట్ట తడిగా ఉండాలి. పొడిబట్ట గాలి బుడగలను లోపలికి మోసుకెళ్తుంది. మెల్లగా దించాలి, చిందించకూడదు, అడుగు మడ్డిని కదపకూడదు. పైకి తీశాక నీళ్ళు తొట్టిలోకే కారనిస్తే వాటితోపాటు గాలీ చేరుతుంది కాబట్టి పక్కకు తీసి పిండాలి. ముదురు రంగు కావాలని పూటంతా నానేయడం తెలియనితనం. కొద్ది నిమిషాలు ముంచడం, ఆరనివ్వడం, మళ్ళీ ముంచడం, ఇలా పొర మీద పొర వేస్తేనే గట్టి నీలం. చివర్లో వెనిగర్ కలిపిన నీళ్ళలో జాడిస్తే మిగిలిన క్షారం విరుగుతుంది.

ఒక్కపూట కూడికకు పులియబెట్టిన బాన అన్నిచోట్లా కుదరదు, ఒప్పుకుంటాను. దానికి చక్కటి దారి ఫ్రాన్సుకు చెందిన మిషెల్ గార్సియా ప్రచారంలోకి తెచ్చిన తొట్టి: నీలిమందు 1 పాలు, సున్నం 2, పండ్ల చక్కెర 3. వేడినీళ్ళలో కలిపితే అదే రోజు వాడుకోవచ్చు. నాకు నచ్చనిది మరొకటి. ఫ్యాక్టరీ నీలిని హైడ్రోసల్ఫైట్‌తో క్షణాల్లో కరిగించి, దాన్ని ప్రకృతి రంగని చెప్పి రుసుము తీసుకోవడం. అవి వాడటం తప్పని కాదు, చెప్పకపోవడం తప్పు. చెట్టు నీలిలోనూ ఫ్యాక్టరీ నీలిలోనూ రంగు ఒకటే పదార్థం. తేడా పొలంలో, చేతుల్లో, మురుగునీళ్ళలో ఉంది.

ఈ ఫ్యాక్టరీ నీలిని, అంటే కృత్రిమ నీలిని, జర్మనీలో బీఏఎస్ఎఫ్ సంస్థ 1897లో మార్కెట్లోకి తెచ్చింది. అప్పటిదాకా కడప, కర్నూలు జిల్లాల్లో అవిరి పెద్ద పంటే. కొన్నేళ్ళలోనే గిరాకీ కుప్పకూలింది. అయితే బెంగాల్లో 1859లో రైతులు తిరగబడ్డదీ, 1917లో గాంధీ చంపారన్ వెళ్ళిందీ ఈ పంటను బలవంతంగా వేయించినందుకే. కాబట్టి పాతకాలపు నీలమంతా పవిత్రమని పాటలు పాడాల్సిన పనిలేదు. నిలబెట్టుకోవలసింది విద్యను, ఆ దోపిడీని కాదు.

విద్యను కూడికలతోనే నిలబెట్టవచ్చని నైజీరియాలో అద్దకపు కళాకారిణి నైకీ డేవిస్-ఒకుండాయె చేసి చూపించింది. కర్రపెండలం గంజితో బొమ్మలు గీసి నీలిలో ముంచే యొరుబా అదిరె అద్దకాన్ని ఒషొగ్బోలో ఉచితంగా నేర్పింది. నేర్చుకున్న ఆడవాళ్ళలో చాలామందికి అదే బతుకుతెరువైంది. మన దగ్గర దస్త్కార్ ఆంధ్ర సంస్థ చెట్టురంగులను తిరిగి చేనేతవాళ్ళ చేతికిచ్చే పని చేసింది. కానీ మన నగరాల కూడికల్లో నేర్పేవాళ్ళు ఎక్కువగా డిజైనర్లే. ఏళ్ళుగా బాన కాచే అద్దకపు మనిషి ఆ గదిలో కనిపించడు. కనిపించినా తొట్టి మోసుకొచ్చే పనికే.

ఇలాంటి కూడికకు ఈసారి వెళ్తే ఇంట్లో ఉన్న పాత తెల్ల నూలుబట్టే పట్టుకెళ్ళండి, పాలిస్టర్‌కు నీలి పట్టదు. తొట్టిలో ఏముందో అడగండి. నీలిమందు ఎక్కడిదో, బానను ఎవరు పలికించారో అడగండి. ఆ మనిషినే పిలిచి నేర్పించమని, రుసుములో సరైన వాటా ఇమ్మని నిర్వాహకులకు చెప్పండి. నలుగురు అడిగితే కాదనరు.