బావరీ వీధి జ్ఞాపకాలు: పంక్ రాక్ గతాభిలాషలో స్థలం, స్వరం, మౌనం

ప్రవేశిక

న్యూయార్క్ నగరంలో మన్‌హాటన్ దిగువ భాగాన, 315 బావరీ అనే చిరునామాలో, 1973 డిసెంబరులో హిల్లీ క్రిస్టల్ ఒక మద్యశాలను తెరిచారు. దానికి పెట్టిన సీబీజీబీ అన్న పేరు కంట్రీ, బ్లూగ్రాస్, బ్లూస్ అనే మూడు సంగీతరీతుల పొడి అక్షరాల కూర్పు. ఆ మూడింటిలో ఏదీ ఆ వేదికకు కీర్తి తేలేదు. 1974 నుంచి టెలివిజన్, రామోన్స్, పాటీ స్మిత్, బ్లాండీ, టాకింగ్ హెడ్స్ అక్కడ వినిపించిన సంగీతమే పంక్ రాక్ చరిత్రకు మొదటి అధ్యాయమైంది. 2006 అక్టోబరు 15 రాత్రి పాటీ స్మిత్ కచేరీతో ఆ వేదిక మూతపడింది. ఆ వేదికను తలచుకునే రచనలు మాత్రం అంతకుముందే మొదలై నేటికీ వెలువడుతూనే ఉన్నాయి.

ఒక వాడలో పుట్టిన సంగీతాన్ని తలచుకునే రచన ఆ వాడను ఎలా చూపుతుంది? ఎవరి గొంతును వినిపించి ఎవరి గొంతును విడిచిపెడుతుంది? ఈ ప్రశ్నలతో రెండు గ్రంథాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. అవి లెగ్స్ మెక్‌నీల్, గిలియన్ మెక్‌కెయిన్ కూర్చిన ‘ప్లీజ్ కిల్ మి’ (1996), పాటీ స్మిత్ రాసిన ‘జస్ట్ కిడ్స్’ (2010). నాస్టాల్జియా అన్న భావనకు ఇక్కడ ‘గతాభిలాష’ అన్న మాటను వాడుతున్నాను.

పంక్ పుట్టుకలోనే గతం

గతాభిలాషను సూచించే నాస్టాల్జియా అన్న మాటను 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్యవిద్యార్థి తన సిద్ధాంతవ్యాసంలో ఒక జబ్బుకు పేరుగా పెట్టాడు. ఇంటికి తిరిగిరావడం, నొప్పి అన్న రెండు గ్రీకు పదాలను అతికించి చేసిన మాట అది. స్వెత్లానా బాయిమ్ 2001లో ప్రచురించిన ‘ది ఫ్యూచర్ ఆఫ్ నాస్టాల్జియా’లో ఈ భావాన్ని రెండుగా విభజించారు. పోయిన ఇంటిని ఉన్నదున్నట్టుగా మళ్లీ కట్టాలనుకునేది మొదటిది, పునరుద్ధరణాత్మకం. ఇల్లు పోయిందని ఒప్పుకొని ఆ నొప్పినే పరిశీలించేది రెండవది, పర్యాలోచనాత్మకం.

గతాన్ని తిరస్కరించిన పంక్‌ను గతాభిలాషతో తలచుకోవడం విరోధాభాసమని తరచుగా వినిపించే ఆక్షేపణ. ఈ ఆక్షేపణ చారిత్రకంగా నిలవదు. పాటీ స్మిత్‌కు గిటారు వాయించిన లెన్నీ కే 1972లోనే ‘నగ్గెట్స్’ అనే సంకలనాన్ని కూర్చారు. 1965-68 మధ్య వచ్చి మరుగునపడిన బృందాల పాటలను అది మళ్లీ వెలుగులోకి తెచ్చింది. రామోన్స్ తమ పాటలను రెండు నిమిషాలకు కుదించినప్పుడు వారి చెవుల్లో ఉన్నది తమ చిన్ననాటి రేడియో సంగీతమే. పంక్ తిరస్కరించింది తనకు ముందున్న పదేళ్ల ఆడంబరాన్ని. దానికి ముందున్న సరళతను అది కోరుకుంది. కాబట్టి గతాభిలాష పంక్‌కు వెలుపలి నుంచి అంటుకున్న తెగులు కాదు, దాని పుట్టుకలోనే ఉంది. విమర్శ ఇక అడగవలసింది ఆ గతాభిలాష ఏ రకానిదన్నదే.

రెండు గ్రంథాలు, రెండు స్మృతిరూపాలు

‘ప్లీజ్ కిల్ మి’లో కథకుడు లేడు. సంభాషణల నుంచి కత్తిరించిన ముక్కలను ఒకదాని పక్కన ఒకటి పేర్చడమే దాని నిర్మాణం. ఒకే రాత్రిని ఒకరు ఒకలా, మరొకరు మరోలా చెబుతారు. ఎవరిది నిజమో సంపాదకులు తేల్చరు. మెక్‌నీల్ 1976 ప్రారంభంలో వెలువడ్డ ‘పంక్’ పత్రిక స్థాపకులలో ఒకరు; మెక్‌కెయిన్ కవయిత్రి. తాను చరిత్రలో పాత్ర అయిన మనిషి సంపాదకుడైనప్పుడు ‘నేను’ అని రాయడం సులువు. ఆ సులువును ఈ గ్రంథం వదులుకుంది. మాదకద్రవ్యాలు, హింస, చావులు అందులో అలంకారం లేకుండా వస్తాయి. దాని గుణం ఇదే. అయితే ముక్కలను ఏరి వరుసను నిర్ణయించిన చేయి మాత్రం కనపడదు. కథకుడు లేనంత మాత్రాన దృక్కోణం లేకుండా పోదని గుర్తుంచుకోవాలి.

‘జస్ట్ కిడ్స్’ ఇందుకు పూర్తిగా భిన్నం. 1967లో న్యూయార్క్ చేరిన పాటీ స్మిత్‌కూ ఛాయాచిత్రకారుడు రాబర్ట్ మేపుల్‌థోర్ప్‌కూ మధ్య అనుబంధం దాని వస్తువు. 1989లో ఆయన మరణించారు. ఆయనకిచ్చిన మాట నిలబెట్టుకోవడానికి రాసిన పుస్తకమిది. అంటే దీని మూలరూపం స్మృతిగీతం. 1974 ఈస్టర్ రాత్రి సీబీజీబీలో టెలివిజన్ బృందాన్ని విన్న ఘట్టం పుస్తకంలో చాలా ఆలస్యంగా వస్తుంది. దానికి ముందు ఆకలి, పుస్తకాల దుకాణంలో ఉద్యోగం, చెల్సీ హోటల్ గది, 1971 ఫిబ్రవరిలో బావరీలోని సెయింట్ మార్క్స్ చర్చిలో లెన్నీ కే గిటారుతో జరిగిన కవితాపఠనం ఉన్నాయి. ఆ సంగీతం కవిత్వపు గడప దాటి వచ్చిందని ఈ క్రమమే చెబుతుంది.

రెండింటిలో ‘జస్ట్ కిడ్స్’ శైలి సౌందర్యంలో మేలైనది. కాని ప్రమాదమూ అందులోనే ఎక్కువ. వెనుదిరిగి చూసే కంటికి ఆకలి కూడా దీక్షలా కనిపిస్తుంది. పేదరికం కళాకారుడు ఎంచుకున్న వ్రతమైనప్పుడు, ఎంచుకోకుండానే అందులో పుట్టినవారు నేపథ్యంలోకి జరుగుతారు.

ఖాళీ కాని వాడ

ఈ సంగీతం పుట్టడానికి చౌక అద్దెలు ఒక ముఖ్య కారణం. 1975 నాటికి న్యూయార్క్ నగరపాలన దివాలా అంచుకు చేరింది. బావరీ దిక్కులేనివారి వీధి. సీబీజీబీ ఉన్న కట్టడంపైనే వారికి రాత్రికింత అని పడక అద్దెకిచ్చే చౌక హోటలు ఉండేది. బృందాలు సొంత పాటలే పాడాలన్నది క్రిస్టల్ నియమం. ఇతరుల పాటలకు చెల్లించాల్సిన హక్కుల రుసుమును తప్పించుకోవడం కూడా దాని వెనుక ఉన్నదంటారు. ఒక సౌందర్యసూత్రం ఇలా లెక్కల పుస్తకంలోనూ వేళ్లూనుకుని ఉండవచ్చు.

గతాభిలాష ఈ స్థితిని ‘శిథిలమైన ఖాళీ వాడ, అందులోకి వచ్చిన కొత్త కళాకారులు’ అన్న కథగా మలుచుకుంది. వాస్తవానికి ఆ వాడ ఖాళీగా లేదు. అక్కడికి నడక దూరంలోనే, అదే 1973లో, మిగెల్ అల్గరీన్ తన ఇంటి గదిలో మొదలుపెట్టిన కవుల కూడలి న్యూయోరికన్ పొయెట్స్ కెఫేగా రూపుదిద్దుకుంది. ప్యూర్టోరికో నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఆ ప్రాంతాన్ని తమ ఉచ్చారణలో ‘లోయిసైదా’ అని పిలుచుకున్నాయి. ఒకే ప్రాంతం, ఒకే కాలం, కవిత్వానికీ ప్రదర్శనకూ అదే దగ్గరితనం. అయినా పంక్ స్మృతి ఆ వాడను చెప్పేటప్పుడు ఆ పేరు వినిపించదు.

తెలుగు విమర్శకు ఈ మౌనం కొత్తది కాదు. ఊరు జ్ఞాపకం వేరు, వాడ జ్ఞాపకం వేరు అన్న వివేకాన్ని దళిత సాహిత్యం మనకు నేర్పింది. ఒకే నేలను తలచుకునే ఇద్దరిలో ఒకరికి అది పచ్చని చెట్టునీడ, మరొకరికి దాటకూడని గీత. ఆ వివేకాన్ని బావరీకి అన్వయిస్తే పంక్ స్మృతిసాహిత్యం ఊరి గొంతుతో వాడ కథ చెబుతున్నదని తెలుస్తుంది. అదే దృష్టిని మన వైపు తిప్పుకోవడమూ అవసరమే. 1965లో దిగంబర కవుల తొలి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడని మన సాహిత్యచరిత్రలు గర్వంగా చెప్పుకుంటాయి. ఆ రాత్రి ఆయనకు ఏమనిపించిందన్న ప్రశ్నను ఆ గర్వం ఎంతవరకు అడిగింది?

మూసివేత తరువాత

మూసివేత కథను కూడా గతాభిలాష సులభం చేసింది. ‘డబ్బు వచ్చి సంగీతాన్ని చంపింది’ అన్నది ప్రచారంలో ఉన్న కథనం. అద్దె వివాదంలో సీబీజీబీకి ఎదుటి పక్షం నిరాశ్రయులకు వసతి కల్పించే ఒక సేవాసంస్థ. అదే కట్టడం పై అంతస్తుల్లో అది ఆశ్రయం నడిపేది. అద్దె పెరుగుదల వెనుక ఆ ప్రాంతపు భూముల ధరలు ఉన్నమాట నిజమే. కాని ఒకవైపు సంగీతం, మరొకవైపు దురాశ అన్న ద్వంద్వం ఇక్కడ నిలవదు. దిక్కులేనివారి వీధి అన్న ప్రతిష్ఠతో ఎదిగిన కళ, చివరికి దిక్కులేనివారి సంస్థతోనే తగవులో నిలబడింది. ఈ చిక్కును దాచిన రచన మనకు ఓదార్పునిస్తుంది, తెలివినివ్వదు.

2008లో ఆ స్థలంలో జాన్ వార్వటోస్ వస్త్రదుకాణం వచ్చింది. పాత గోడరాతలలో కొన్నింటిని అది అలాగే ఉంచింది. 2013లో మెట్రొపాలిటన్ మ్యూజియం పంక్ దుస్తుల ప్రదర్శనలో సీబీజీబీ మరుగుదొడ్డిని యథాతథంగా పునర్నిర్మించారు. బాయిమ్ చెప్పిన పునరుద్ధరణాత్మక గతాభిలాషకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకదు. వాసన తీసేసిన మురికి అది. ఇందుకు భిన్నంగా, 2006లో చివరి కచేరీ ముగింపున పాటీ స్మిత్ మరణించిన సంగీతకారుల పేర్లు చదివారు. గోడలు తిరిగి రావని ఒప్పుకొని పేర్లను మాత్రం పలికిన ఆ క్షణం పర్యాలోచనాత్మకమైనది.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, పంక్ గతాభిలాష ఆ ఉద్యమానికి ద్రోహం కాదు. దాని పుట్టుకలోని లక్షణమే. రెండు, రూపం జ్ఞాపకాన్ని శాసిస్తుంది; అనేక గొంతుల కూర్పు వైరుధ్యాలను నిలుపుతుంది, ఏకస్వర స్మృతిగీతం వాటిని మెత్తబరుస్తుంది. మూడు, వాడను తలచుకునే రచనకు అసలు పరీక్ష అది ఎంత ప్రేమగా తలచుకున్నదన్నది కాదు, ఆ వాడలో తనతోపాటు ఇంకెవరు ఉన్నారో చూసిందా అన్నది. ఈ మూడవ పరీక్షలో రెండు గ్రంథాలూ పూర్తిగా నెగ్గలేదు. ఊరిని, పేటను, బాల్యాన్ని తలచుకునే రచనలు విరివిగా వస్తున్న తెలుగులో మన విమర్శ కూడా ఆ ప్రశ్నను ప్రేమతోనే, కాని తప్పకుండా అడగాలి.